పడవెక్కిన మెజారిటీ

ఆ శనివారం పొద్దున శ్రీరామ్మూర్తి వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. రేషన్ కొట్టు నుంచి చక్కెర తేవాలి. తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇవ్వాలి. మర్నాడు పదింటికి కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో చెప్పవలసిన నాలుగు మాటలు అద్దం ముందు నిలబడి ఒకసారి అనుకోవాలి. ఇందులో సముద్రం ప్రసక్తి ఎక్కడా లేదు.

అది తొంభై ఆరో సంవత్సరం, జూన్ మొదలు. పార్లమెంటు ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాక, దేశమంతా వేళ్ల మీద లెక్కలు వేసుకున్న వేసవి అది. తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కరెంటు పోగానే విశాఖపట్నంలో వీధులకు వీధులు అరుగుల మీదికి వచ్చేసేవి. విసనకర్రలు ఊపుకుంటూ రాష్ట్రపతి ఎవరిని పిలవాలో, ఎవరు ఎవరికి మద్దతివ్వాలో తేల్చేసేవి. సొంత ఇంట్లో కూర ఏం వండాలో చెప్పే అధికారం లేనివాళ్లు కూడా ప్రధానమంత్రిని ఖాయం చేసి పడుకునేవారు. ముందు పిలిచిన పెద్ద పార్టీ ప్రభుత్వం రెండు వారాలు నిండకుండానే దిగిపోయింది. తరువాత వచ్చినవాళ్లు బయటివాళ్ల మద్దతు మీద నిలబడ్డారు.

ఢిల్లీకి పట్టిన గ్రహచారమే జాలరిపేటను ఆనుకుని ఉన్న ఆ కాలనీకీ పట్టింది. ముందు వీధుల్లో పోర్టు గుమాస్తాలూ స్టీల్ ప్లాంటు ఉద్యోగులూ, చివరి వీధిలో జాలరి కుటుంబాలూ ఉండేవి. సంఘంలో తొమ్మిది మంది సభ్యులు. ఎన్నికలయ్యాక చూస్తే శ్రీరామ్మూర్తి వర్గానికి ఆయనతో కలిపి నలుగురు, స్టీల్ ప్లాంటులో పనిచేసే సీతారామాంజనేయులు వర్గానికి ముగ్గురు, చివరి వీధి నుంచి ఇద్దరు నెగ్గారు. ఆ ఇద్దరిలో ఒకడు పడవ యజమాని కన్నబాబు, రెండోది చేపలమ్మే పోతమ్మ. పాత అధ్యక్షుడు సన్యాసిరాజు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన ఢిల్లీ పద్ధతే పాటించాడు. పెద్ద వర్గం కాబట్టి ముందు అవకాశం శ్రీరామ్మూర్తికే ఇస్తున్నాననీ, ఆదివారం పదింటికి స్కూలు వరండాలో బలం చూపించుకోవాలనీ ప్రకటించాడు.

శ్రీరామ్మూర్తికి ఆ కుర్చీ ఎంత అవసరమో భార్య కాంతానికి తప్ప ఎవరికీ తెలియదు. పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే ఆ నెలాఖరుకి దిగిపోబోతున్నాడు. ఇన్నేళ్లూ ఆయన రాసిన ప్రతి కాగితం కిందా ఇంకొకరి సంతకమే పడింది. ఒకటో తారీఖు పొద్దున్నే లేచి తాను ఎవరికి ఏమవుతాడో అన్న బెంగ ఆయనకు నిద్ర పట్టనిచ్చేది కాదు. కాలనీ అధ్యక్షుడంటే పెద్ద పదవేం కాదు. కానీ వీధిలో నడుస్తుంటే ఎవరో ఒకరు ఆపి, పనికోసం పలకరిస్తారు. ఆయన కోరిందల్లా అంతే.

మద్దతు సంగతి శుక్రవారమే కుదిరింది. చివరి వీధిలో కొళాయి వేయిస్తానని మాటిస్తే, పదవులేమీ తీసుకోకుండా బయట ఉండే మద్దతిస్తామని కన్నబాబూ పోతమ్మా ఒప్పుకున్నారు. నాలుగూ రెండూ ఆరు. కావలసింది అయిదు. అంతటితో శ్రీరామ్మూర్తి ఊరుకుని ఉంటే ఈ కథే లేదు.

చక్కెర సంచీతో తిరిగి వస్తుంటే టీకొట్టు దగ్గర సీతారామాంజనేయులు కొత్త మోటారు సైకిలు మీద కూర్చుని కనిపించాడు. నలుగురూ వినేలా, నవ్వుతూ అన్నాడు. "బావా, రేపు పదింటికి నీ మనుషులు నీ పక్కనుంటారో నేదో ఓసారి సూసుకో."

శ్రీరామ్మూర్తి ఆ సంచీతోనే వీధులన్నీ తిరిగాడు. వాకబు చేస్తే, తన వర్గంలోని తాతబాబు ముందురోజు సాయంత్రం సీతారామాంజనేయులు ఇంట్లో కోడి పలావు తిని, వీసీఆర్‌లో సినిమా చూసి వచ్చాడని తెలిసింది. తాతబాబు ఎల్ఐసీ ఏజెంటు. పిలిచి అడిగితే, పాలసీ అమ్మడానికే వెళ్లానని ఒట్టేశాడు. సినిమా ఎందుకు చూశావంటే, అది అయ్యేదాకా ఆయన పాలసీ మాట ఎత్తనివ్వలేదన్నాడు.

పేపర్లు శ్రద్ధగా చదివే మనిషికి ఇలాంటప్పుడు తోచేది ఒక్కటే, క్యాంపు. మద్దతుదారుల్ని అవతలివాళ్ల చేతికి చిక్కకుండా ఎక్కడికైనా తీసుకుపోయి, లెక్కల వేళకు సరిగ్గా దింపడం. కానీ ఎక్కడికి? భీమిలిలో సీతారామాంజనేయులు బావమరిది ఉన్నాడు. సింహాచలంలో ఆయన పెదనాన్న ఉన్నాడు. గాజువాకలో సగం ఆయన చుట్టాలే. మధ్యాహ్నం ఇసుకలో వల బాగుచేసుకుంటున్న కన్నబాబు దగ్గర కూర్చుని శ్రీరామ్మూర్తి ఈ గోడంతా వెళ్లబోసుకున్నాడు.

కన్నబాబు దారం పళ్లతో తెంపి, సముద్రం వైపు గడ్డం చూపించాడు. "అక్కడికెవుడొత్తాడు బాబూ? తెల్లారకుండా ఎల్దాం. ఎనిమిదైనాక తిరిగితే తొమ్మిదిన్నరకి ఒడ్డునుంటాం. నీ ముగ్గురినీ ఎక్కించీ. మోటారు సైకిలు నీల్ల మీద నడవదు కదా."

ఇంతకన్న గొప్ప క్యాంపు ఢిల్లీవాళ్లకు కూడా తట్టి ఉండదనిపించింది. ఆడవాళ్లు పడవెక్కే ఆచారం లేదు కాబట్టి పోతమ్మను ఒడ్డునే ఉంచారు. సమావేశం ముగిసేదాకా ఈ సంగతి ఎవరికీ చెప్పనని ఆమె చేత పోలమ్మ తల్లి మీద ఒట్టు వేయించాడు శ్రీరామ్మూర్తి. తన ముగ్గురికీ కూడా గట్టిగా చెప్పాడు, ఇళ్లల్లో నిజం చెప్పకండి, ఏదో ఒకటి చెప్పండి అని. ఆ ఏదో ఒకటి ఏమిటో అందరికీ కలిపి తానే చెప్పి ఉంటే బాగుండేది. రాజకీయాల్లో పాపం కొత్త.

ఆదివారం ఇంకా చీకటిగానే నలుగురూ పడవెక్కారు. తాతబాబుతో కలిసి అన్నవరం సత్యనారాయణస్వామి వ్రతానికి వెళుతున్నానని కాంతంతో చెప్పాడు శ్రీరామ్మూర్తి. వెళ్లి పదింటికల్లా ఎలా వస్తావని ఆమె అడగబోయేలోగా వీధి దాటేశాడు. ఇస్త్రీ చొక్కా కవరులో పెట్టి చంకలో పట్టుకున్నాడు. ఒడ్డు దాటేదాకా అందరూ హుషారుగానే ఉన్నారు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ చిన్నదైపోయాక తాతబాబు మొహం పాలిపోయింది. తరువాత వర్గంలోని మిగతా ఇద్దరూ, షిప్‌యార్డు ఉద్యోగులు, చెరో పక్కా పట్టుకుని సముద్రంలోకి తలలు వంచారు. షిప్‌యార్డులో ఇరవై ఏళ్లు ఓడలు కట్టారన్న మాటే గానీ, వాళ్లు నీళ్ల మీదికి రావడం అదే మొదలు.

ఎనిమిదైంది. శ్రీరామ్మూర్తి గడియారం చూసి, ఇక తిరుగుదామన్నాడు. కన్నబాబు సరేనని పడవ తిప్పాడు కూడా. సరిగ్గా అప్పుడు ఉత్తరం వైపు నీళ్లు నల్లబడ్డాయి. పైన పక్షులు గుంపుగా గిరికీలు కొడుతూ ఒక్కొక్కటే నీళ్లలోకి దూకుతున్నాయి. కన్నబాబు లేచి నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ఇంజిను ఆపేశాడు.

"కానాగంతలు," అన్నాడు నెమ్మదిగా, గుడిలో మాట్లాడినట్టు.

జాలరిని సముద్రం మీదికి తీసుకుపోయి, చేపల మంద ఎదురైనప్పుడు ఉత్తచేతులతో తిరిగి రమ్మనడం లాంటి తెలివితక్కువతనం ఇంకొకటి లేదని శ్రీరామ్మూర్తికి అప్పటికి తెలియదు. బతిమాలాడు. బలనిరూపణ అన్నాడు. ప్రజాస్వామ్యం అన్నాడు. కొళాయి సంగతి గుర్తుచేశాడు.

"బాబూ, నీ అధ్యచ్చ పదవి మల్లీ ఏడు మల్లీ వత్తాది," అన్నాడు కన్నబాబు వల దించుతూ. "ఈ మంద మల్లీ గంటకి ఉండదు. నాను మాట తప్పే మనిసిని కాను. ఓటు నీదే. గానీ ముందు ఈ తాడు పట్టు."

ఆ సమయానికి ఒడ్డున ఏం జరిగిందో శ్రీరామ్మూర్తికి తరువాత నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. మొదలైంది వీధి కొళాయి దగ్గర. తన భర్తా తాతబాబూ కలిసి అన్నవరం వెళ్లారని కాంతం అంది. అదేమిటి, మా ఆయన గాజువాకలో గృహప్రవేశానికి వెళ్లాడే అని తాతబాబు భార్య వరహాలమ్మ అంది. షిప్‌యార్డు వాళ్ల ఆడవాళ్లలో ఒకావిడ సింహాచలం అంది, ఇంకొకావిడ విజయనగరంలో పెళ్లిచూపులు అంది. బిందెలు నిండి పొర్లిపోతున్నా ఎవరూ చూసుకోలేదు. నలుగురు మగవాళ్లు, నాలుగు ఊళ్లు, ఒకటే వేళ. అప్పుడు ఎవరికో టీకొట్టు దగ్గర సీతారామాంజనేయులు అన్న మాట గుర్తొచ్చింది. రోజూ పేపర్లో చదువుతున్న మాటే వరహాలమ్మ నోటివెంట వచ్చింది, కిడ్నాప్ అని.

ఆడవాళ్లు బిందెలతో సహా సీతారామాంజనేయులు ఇంటి మీదికి వెళ్లారు. ఆయన పళ్లు తోముకుంటూ బయటికొచ్చి, కాంతం చేతిలోని ఇత్తడి బిందెను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. తాను నవ్వులాటకే అన్నానని సింహాద్రి అప్పన్న మీద ప్రమాణం చేశాడు. ఎవరూ నమ్మలేదు. పోతమ్మ అక్కడే ఉంది. విషయం తెలిసీ నోరు విప్పలేక, పైట చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అది చూసి, పాపం ఈమెకు కూడా ఏడుపొస్తోందని మిగతావాళ్లు ఇంకా గట్టిగా ఏడ్చారు.

పోలీసుల దాకా పోతుందేమోనని సీతారామాంజనేయులు హడలిపోయాడు. తన ఇద్దరినీ వెంటబెట్టుకుని వాకబుకు పరుగెత్తాడు. ఒడ్డున వల ఆరేస్తున్న ఒకతను, చీకట్లో నలుగురు పంతుళ్లలాంటివాళ్లు కన్నబాబు పడవెక్కడం చూశానన్నాడు. పదిలోగా వాళ్లను తీసుకొచ్చి ఆడవాళ్ల ముందు నిలబెడితే తప్ప పరువు దక్కదని తోచి, సీతారామాంజనేయులు అప్పటికప్పుడు ఒక పడవ మాట్లాడుకున్నాడు. ఒక్కరు వెళితే సరిపోయేది. కానీ వెనక ఉండి ఆ బిందెలకు జవాబు చెప్పుకునే ధైర్యం మిగతా ఇద్దరికీ లేకపోయింది. ముగ్గురూ ఎక్కేశారు.

ఆ రెండో పడవ మంద దగ్గరికి వచ్చేసరికి శ్రీరామ్మూర్తి మోకాళ్ల దాకా చేపల్లో నిలబడి తాడు లాగుతున్నాడు. ఇస్త్రీ చొక్కా ఏమైందో తెలియదు. సీతారామాంజనేయులు దూరం నుంచే తిట్లు మొదలుపెట్టాడు గానీ, ఆయన పడవవాడికి ఆ తిట్లు వినే తీరిక లేదు. నీళ్ల వంక ఒక్కసారి చూసి వాడూ ఇంజిను ఆపేశాడు. మంద పెద్దది, వల ఒకటి చాలదు, ఆ చివర మీరు పట్టండని కన్నబాబు కేకవేశాడు. ఇంకేం చేస్తారు? అధికారపక్షం ఒక కొస, ప్రతిపక్షం ఒక కొస పట్టుకున్నారు. తాతబాబు వాంతుల సంగతే మరిచిపోయి, "లాగండి బావా, లాగండి," అని రెండు పక్షాలకూ కలిపి పాట ఎత్తుకున్నాడు. వల పైకి వస్తుంటే ఎండకు చేపలు వెండిలా మెరిశాయి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నడూ నవ్వనంత బిగ్గరగా శ్రీరామ్మూర్తి నవ్వాడు. పది దాటి చాలాసేపైందని ఆ తరువాతెప్పుడో గుర్తొచ్చింది.

పదింటికి స్కూలు వరండాలో సన్యాసిరాజు గంట కొట్టించాడు. ఆడవాళ్లు ఏడుపులతోనే చేరారు గానీ, సభ్యుల బల్ల మీద పోతమ్మ ఒక్కతే ఉంది. సంఘం నియమాలు సన్యాసిరాజు స్వయంగా రాసినవి. హాజరైన సభ్యుల్లో ఎక్కువమంది ఎవరిని కోరితే వారే అధ్యక్షులు. రానివారు పోటీకి అనర్హులు. హెడ్మాస్టరుగా ఉన్నన్నాళ్లూ ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని గేటు బయట నిలబెట్టిన మనిషి ఆయన.

"పోతమ్మా, నీ అభిప్రాయం చెప్పు," అన్నాడు.

"నాను శ్రీరామ్మూర్తి బాబుకి మాటిచ్చినాను. ఆయనకే."

"ఆయన హాజరు కాలేదు. చెల్లదు."

పోతమ్మ ఖాళీ కుర్చీ వంక చూసింది. "అలగయితే ఆంజనేయులు బాబుకి రాసీండి. కుర్సీ కాలీగా ఉండకూడదు కదా."

"ఆయనా హాజరు కాలేదు."

"మరి వచ్చినోలెవరు బాబూ?"

"నువ్వే," అన్నాడు సన్యాసిరాజు. సంఘానికి అధ్యక్షులు లేకుండా సమావేశం ముగించడానికి తన నియమాలు ఒప్పుకోవనీ, హాజరైన సభ్యుల్లో నూటికి నూరుపాళ్లు హాజరైన సభ్యురాలి వైపే ఉన్నారనీ చెప్పి, పుస్తకం మూసేశాడు. ఆ విధంగా తొమ్మిది మందిలో ఒక్కరి బలంతో కాలనీలో ప్రభుత్వం ఏర్పడింది. సమావేశం ముగిసింది కాబట్టి పోతమ్మ ఒట్టు కూడా తీరిపోయింది. పైట చెంగు నడుముకి దోపి, మగవాళ్లంతా ఎక్కడున్నారో చెప్పింది. ఇంతసేపైనా రాలేదంటే మంద దొరికి ఉంటుందనీ, ఏడవడం మాని బుట్టలు పట్టుకుని ఒడ్డుకి రమ్మనీ అంది. అదే ఆమె మొదటి ఉత్తర్వు. అందరూ పాటించారు.

మిట్టమధ్యాహ్నం రెండు పడవలూ నీళ్ల అంచుదాకా బరువెక్కి ఒడ్డుకు వచ్చాయి. శ్రీరామ్మూర్తి దిగేసరికి పోతమ్మ బోర్లించిన బుట్ట మీద కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్లు వీధిదీపం గురించీ మురుగు కాలువ గురించీ చెప్పుకుంటున్నారు. ఆమె వింటోంది. ఆయనను చూడగానే గబుక్కున లేచి నిలబడింది.

"బాబూ, నాను మాట తప్పలేదు. నీ పేరే సెప్పినాను. మాస్టారు ఒప్పుకోలేదు. ఈ కుర్సీ నీదే, తీసుకో."

అక్కడే ఉన్న సన్యాసిరాజు, అవిశ్వాసం పెట్టదలుచుకుంటే సభ్యులంతా ఉన్నారు కాబట్టి ఇప్పుడే చేతులెత్తించవచ్చునన్నాడు. శ్రీరామ్మూర్తి లెక్క చూసుకున్నాడు. ఆరుగురూ అక్కడే ఉన్నారు. చెయ్యి ఎత్తమంటే చాలు. ఇన్నేళ్లుగా కోరుకున్నది కాళ్ల దగ్గరికే వచ్చి ఉంది.

ఈలోగా కన్నబాబు ఇసుకలో చేపలు పోగులు పెడుతున్నాడు. పడవకొక వాటా, వలకొక వాటా, తాడు పట్టిన ప్రతి మనిషికీ ఒక వాటా. ఒక పోగు శ్రీరామ్మూర్తి ముందు పెట్టాడు. నాకెందుకని ఆయన మొహమాటపడ్డాడు.

"ఎందుకేటి? వల లాగినావు కదా," అన్నాడు కన్నబాబు తలెత్తకుండానే. "మనిసికి వాటా పెట్టకపోతే పడవకి మంచిది కాదు. రేపు గాని వత్తావా ఏటి?"

శ్రీరామ్మూర్తి ఆ పోగు ముందు చతికిలబడ్డాడు. ఆయన హోదా ఏమిటని ఎవరూ అడగలేదు. ఏ కాగితం మీదా ఎవరి సంతకమూ పడలేదు. చేసిన పనికి, చేసిన మనిషిగా, తన ముందు ఒక పోగు ఉంది. ఒకటో తారీఖు గురించిన బెంగ ఆ ఇసుకలో ఎక్కడో జారిపోయిందని ఆయనకు స్పష్టంగా తెలిసింది. ఉన్నట్టుండి సిగ్గు కూడా వేసింది. నిన్నటి నుంచి తాను ఎవరినీ నమ్మక అందరి చేతా అబద్ధాలాడించాడు. నమ్మకుండానే వదిలేసి ఉంటే అందరూ మాట మీద నిలబడేవాళ్లే.

"కూర్చో పోతమ్మా," అన్నాడు. "నేను బయటుండి మద్దతిస్తాను."

సీతారామాంజనేయులు కూడా ఒళ్లంతా పొలుసులతో, తన వాటా తువ్వాల్లో మూటగట్టుకుంటూ, తమదీ అదే మాటన్నాడు. బిందె పట్టుకున్న కాంతం ఆయనకు కనుచూపు మేరలోనే ఉంది.

అసలు అవిశ్వాసం ఇంట్లో ఎదురైంది. శ్రీరామ్మూర్తి చేపల మూట గడప మీద పెట్టి, లోపలికి వెళ్లాలో వద్దో తేల్చుకోలేక నిలబడ్డాడు. కాంతం మూట విప్పి చూసింది. ఒక్కొక్క చేపనూ తిరగేసింది. చివరికి, "అన్నవరం పెసాదం బానే ఉంది. స్వామి తలకాయలతో సహా ఇచ్చీసినాడు," అని కత్తిపీట తీసుకుంది. ఆ పూట ఆమె చింతపండు వేసి పెట్టిన పులుసు కాలనీలో పది ఇళ్లకు వెళ్లింది. అందులో ఒకటి సీతారామాంజనేయులు ఇల్లు.

రిటైరయ్యాక శ్రీరామ్మూర్తికి ఊపిరి సలపలేదు. పొద్దున్నే ఒడ్డుకు వెళ్లేవాడు. పోతమ్మ చెప్పేది, ఆయన అర్జీ రాసేవాడు, కింద ఆమె వేలిముద్ర పడేది. ఆ ముద్ర పక్కన తన చేతిరాత చూసుకుని మురిసిపోయేవాడు. అర్జీ ఇచ్చిన మర్నాడు ఆమె చేపల బుట్టతో సహా వెళ్లి ఆఫీసు మెట్ల మీద కూర్చునేది. చివరి వీధికి కొళాయి అలాగే వచ్చింది, దీపాలూ అలాగే వచ్చాయి. మోటారు సైకిలు మీద ఆమెను దింపిరావడం సీతారామాంజనేయులు వంతు. ఇప్పుడు ఆ ఇసుకలో అన్ని పడవలు లేవు, అరుగులూ లేవు, కరెంటు పోతే ఎవరూ బయటికి రారు. అప్పటి మనుషులు తారసపడితే మాత్రం ఆ ఆదివారం మాట రాకుండా ఉండదు.

ఆ తరువాత రెండేళ్లు తిరక్కుండానే ఢిల్లీలో ప్రభుత్వాలు ఒకటి తరువాత ఒకటి పడిపోయాయి. పోతమ్మ ప్రభుత్వం మాత్రం ఆమె ఓపిక ఉన్నన్నాళ్లూ నడిచింది. దానికి మెజారిటీ ఉందో లేదో చూడాలని ఎవరికీ తోచలేదు.